మన పట్టణానికొక తాలింఖానా

‘తాలీము’ అన్న మాట ఉర్దూలో చదువుకు పేరు. అదే మాట తెలుగులోనికి వచ్చి కసరత్తుకు పేరైనది. తాలింఖానా అంటే తెలుగువారికి బడి కాదు, కుస్తీ పట్టే చోటు. తరగతిలో అన్యదేశ్యాల పాఠం వచ్చినప్పుడెల్లా నేనీ మాటను నల్లబల్ల మీద వ్రాస్తాను. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థులు నవ్వుతారు. తెలుగు మాధ్యమం వారు ఆశ్చర్యపడతారు. మైదానం, కుస్తీ, కసరత్తు కూడా ఆ వాకిలి గుండా మన భాషలోనికి వచ్చినవే. గరిడి, సాము అన్నవి అంతకు ముందే మనకున్నవి. రెండు భాషల వారూ ఒకే గోదాలో మట్టి పూసుకొన్న కాలం ఒకటి ఉండబట్టే ఈ మాటలు ఇట్లా కలగలిసిపోయినవి. పీర్ల పండుగ నాడు కర్రసాము చేసే వారిలో ఎవరు ఏ మతం వారో పోల్చుకోవటం మా రాయలసీమ పల్లెలలో నేటికీ అంత సులభం కాదు.

మాటలైతే నిలిచినవి గాని ఆ చోట్లు చాల వరకు నిలువలేదు. కర్నూలు పట్టణంలో నేను పిల్లవాడినై గోలీలాడిన ఖాళీ జాగాలో నేడు మూడంతస్తుల మేడ ఉన్నది. అది కట్టుకొన్న వారిని నేను తప్పుపట్టను; ఊరు పెరిగినప్పుడు ఇళ్లు కావలె. అయితే ఇళ్లతో పాటు ఆటస్థలాలు పెరుగలేదు. 1953 అక్టోబరు 1 మొదలు 1956 అక్టోబరు చివరి వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరిది. గుడారాలలో కచేరీలు నడిపిన ఊరు. ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేర్లు ఆ నాటి గురుతులే. మూడేళ్ల రాజధానికి కావలసినంత జాగా చూపగలిగిన పట్టణం, తన ముసలివారు నడవటానికీ, తన ఆడపిల్లలు ఆడుకోవటానికీ జాగా చూపలేకపోవటం నాకు వింతగా తోస్తుంది.

మా అమ్మగారికి చక్కెర వ్యాధి. రోజుకు అరగంట నడవవలెనని వైద్యులు చెప్పినారు. ఎక్కడ నడవవలెనో చెప్పలేదు. పాత ఊరిలో మేముండే సందులో ఎదురెదురుగా రెండు స్కూటర్లు వస్తే ఒకటి ఆగవలసినదే. మురుగుకాలువ మీద పరచిన బండలు సగం కదలుతూ ఉంటాయి. అందుచేత ఆమె ఫజర్ నమాజు తరువాత మిద్దె మీద నడుస్తారు. ఈ కొస నుండి ఆ కొసకు పదునాలుగు అడుగులు, తిరిగి పదునాలుగు. ఎన్ని మారులు తిరిగినదీ తస్బీహ్ పూసలతో లెక్కపెట్టుకొంటారు. వాన పడితే బేతంచెర్ల బండలు జారుతాయి, ఆ రోజుకు నడక లేదు. మే నెలలో ఏడు గంటలకే బండలు కాలుతాయి, ఆ నెలకు నడక లేదు. మా ఇంటి మిద్దె నుండి చూస్తే మరి నాలుగైదు మిద్దెల మీద ఇట్లాగే తిరిగే తల్లులు కనిపిస్తారు. పొద్దున్నే ఒకరికొకరు సలాములు, నమస్కారాలు గాలిలోనే చెప్పుకొంటారు.

ఇది ఒక వీధి కథ మాత్రమే కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన పెద్ద సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్ల మంది, రక్తపోటు గలవారు 31 కోట్లకు పైన. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే రోజుకు ఇరవై రెండు నిమిషాలైనా లేదు. 2022 నాటికి మన దేశంలో ఆ పాటి శ్రమయైనా లేనివారు పురుషులలో నూటికి 42 మంది, స్త్రీలలో 57 మంది అని 2024లో ప్రకటితమైన మరొక అధ్యయనం తేల్చినది. ఈ పదిహేను మంది తేడా ఎక్కడిది? మన స్త్రీలు సోమరులా? ఇంటెడు చాకిరీ చేసేవారిని సోమరులనే సాహసం నాకు లేదు. గుమ్మం దాటితే వారికొక చోటు లేకపోవటమే ఆ తేడాలో పెద్ద భాగమని నా నమ్మకం.

కిందటి సంవత్సరం డిగ్రీ మొదటి ఏడు చదివే ఒక అమ్మాయి పరీక్ష ఫీజు పత్రం మీద సంతకం కోసం నా దగ్గరకు వచ్చినది. పదవ తరగతి వరకు బడిలో ఖోఖో జట్టులో ఆడినదట. ఇప్పుడు ఆడుతున్నావా అని అడిగితే, “ఎక్కడ సార్?” అన్నది. ఇంట్లో వద్దన్నారా అని అడిగినాను. “వద్దనలేదు సార్, ఎవరూ ఎక్కడికి పొమ్మనీ చెప్పలేదు” అన్నది. నేను సంతకం చేసి పంపినాను. అంతకు మించి ఇవ్వటానికి నా దగ్గర సమాధానం లేకపోయినది.

కాబట్టి పట్టణంలో అందరికీ పనికివచ్చే వ్యాయామ, వినోద, ఆరోగ్య కేంద్రం ఒకటి కట్టవలెనన్న మాట వినవచ్చినప్పుడెల్లా నేను సంతోషించేవాడినే. అయితే ఈ విషయంలో నాకొక భయమున్నది. భవనం కట్టటం మనకు చేతనైన పని. శంకుస్థాపన శిలాఫలకం మీద పేర్లు చెక్కించటం అంతకంటె బాగా చేతనైన పని. తాళంచెవి ఎవరి దగ్గర ఉండవలెనన్న సంగతి మాత్రం మనం ఏనాడూ ముందుగా ఆలోచించము.

ఒక ఊరిలో, పేరెందుకు, వ్యాయామశాల ప్రారంభోత్సవానికి మిత్రునితో కలసి వెళ్లినాను. యంత్రాలు తళతళలాడినవి. రిబ్బను కత్తిరించినారు, ఉపన్యాసాలైనవి, పెద్దలు ఒకరి తరువాత ఒకరు యంత్రమెక్కి ఫోటోలు తీయించుకొన్నారు. రెండేళ్లకు అదే ఊరికి పెళ్లికి పోయి చూస్తే తలుపుకు తాళం. తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదని చుట్టుప్రక్కల వారిని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పినారు. కిటికీలోనుండి చూచినాను. నడక యంత్రం మీద సిమెంటు సంచులున్నవి. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడాప్రాంగణాలు నెలకొల్పే పథకం చేపట్టినది. ఉద్దేశం మెచ్చదగినదే. కాని కొన్ని చోట్ల స్వాగత ఫలకం, రెండు స్తంభాలు తప్ప మరేమీ లేవని ఆ రోజులలో పత్రికలు వ్రాసినవి. అక్కడైనా ఇక్కడైనా లోపం ఒకటే. కట్టటానికి ఒకనాటి సొమ్ము దొరుకుతుంది, నడపటానికి ప్రతినెలా కావలసిన సొమ్ముకు దిక్కుండదు.

అట్టి స్థితిలో నిర్వాహకులకు మొదట తోచే ఉపాయం హాలును పెళ్లిళ్లకు అద్దెకివ్వటం. షాదీఖానాల మీద నాకు విరోధం లేదు. బీదవారి ఇంట పెళ్లి గౌరవంగా జరగటానికి అవి ఎంతో తోడ్పడుతున్నవి. నా చెల్లెలి నికా కూడా అటువంటి చోటనే జరిగినది. కాని ఒకే కప్పు క్రింద రెండు పనులు పెడితే డబ్బు తెచ్చే పని గెలుస్తుంది. ముహూర్తాల నెలలలో వంటపాత్రలు లోపలికి వస్తాయి, ముసలివారు బయటికి పోతారు. పెళ్లికి గాని, సభకు గాని, ప్రదర్శనకు గాని ఈ భవనాన్ని ఇవ్వరాదని మొదటి తీర్మానంలోనే వ్రాసుకోవలె. ఎవరెంత పెద్దవారడిగినా సరే.

మరి సొమ్ము మాట? ఇందుకు మన ఊరి చరిత్రలోనే ఒక దారి ఉన్నది. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు పుట్టినది కర్నూలులోనే. ఆ ఉద్యమ ఫలంగానే 1960లో ప్రజాగ్రంథాలయాల చట్టం వచ్చినది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి, ఆ సొమ్ముతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిపే ఏర్పాటు అది. చదువరి కానివాడు కూడా ఆ పన్ను కడుతున్నాడు, ఏ గొడవా లేదు. పుస్తకానికి చేసిన ఏర్పాటు దేహానికి ఎందుకు చేయరాదు? ఇంటిపన్ను నుండి ఒక చిన్న భాగాన్ని విడిగా, వేరే ఖాతాలో ఉంచి, ఆ కేంద్రానికే ఖర్చుపెట్టవలె. వేరే ఖాతా అని నొక్కి చెప్పటానికి కారణమున్నది. వసూలైన గ్రంథాలయ పన్ను గ్రంథాలయాలకు సకాలంలో చేరటం లేదన్న ఫిర్యాదు చాలాకాలంగా వింటున్నదే. స్తోమత గలవారి నుండి నెలకింత రుసుము తీసుకోవచ్చు. కాని రుసుము కట్టలేనివారు తమ పేదరికాన్ని రుజువు చేసుకొనే పత్రాలు పట్టుకొని నిలబడే దుస్థితి రాకూడదు.

ఖర్చులో మొదటి పద్దు యంత్రాలకు కాక మనుషులకు వ్రాయవలె. ఇద్దరు శిక్షకులు, అందులో ఒకరు తప్పక స్త్రీ. ఒక కాపలాదారు, ఊడ్చి శుభ్రంచేసే మనిషి, వారానికొకనాడు రక్తపోటు, చక్కెర చూచే నర్సు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడిపంతులుండేవారు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందినది. ఆ నాటి మన ఆటగాళ్లకు ఏపాటి సదుపాయాలుండేవో ఊహించుకోవచ్చు. ఉన్నదల్లా మంచి గురువు. నేను పతకాల కోసం ఈ మాట చెప్పటం లేదు. మోకాలి నొప్పి గల అరవై ఏళ్ల మనిషికి ఎంత వంగవచ్చునో, ఎక్కడ ఆగవలెనో చెప్పే మనిషి లేకుంటే, లక్షల యంత్రం కూడా ప్రమాదమే.

వేళల సంగతి ఇంకా ముఖ్యం. మన ఎండలలో పదిగంటల నుండి అయిదింటి వరకు తెరచి ఉంచే కేంద్రం ఉద్యోగులకు విశ్రాంతిగృహం కావచ్చు గాని ప్రజలకు ఉపయోగపడదు. తెల్లవారుజామున అయిదింటికి తెరవవలె, రాత్రి తొమ్మిదింటికి మూయవలె. నడుమ మూసి ఉంచినా నష్టం లేదు. ఉదయం ఒక గంటన్నర, సాయంత్రం ఒక గంటన్నర స్త్రీలకే ప్రత్యేకించవలె. ఆ వేళలో కాపలా కూడా స్త్రీయే ఉండవలె. ఇది ముస్లిం స్త్రీల కోసం మాత్రమే అడుగుతున్న కోరిక అనుకొనేవారు మా వీధి మిద్దెలు ఒకమారు చూడవలె. అక్కడ నడిచే వారిలో సగంమంది హిందూ స్త్రీలు.

ఇక్కడ మా వారికి కూడా ఒక మాట చెప్పక తప్పదు. సభలలో నిలబడి మా స్త్రీలకు వేరే వేళలు కావలెనని గట్టిగా అడుగుతాము. వేళలు ఇచ్చిన తరువాత ఇంట్లో వంట ఎవరు చూస్తారని అడ్డుపడేదీ మనమే. ఉదయం ఆరింటికి భార్య బయటికి పోతే పిల్లలను బడికి తయారుచేసేది ఎవరు? టీ కాచుకోవటం రాని పురుషుడు స్త్రీల వ్యాయామం గురించి తీర్మానాలు చేయటం నాకు సరిపడదు. నేను టీ కాచటం నేర్చుకొన్నాను. బాగుంటుందని మాత్రం మా ఇంట్లో ఎవరూ అనరు.

స్థలం విషయంలోనూ తొందరపడరాదు. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే ఊరిది. 2009 అక్టోబరు వరద చూచినవారు పల్లపు జాగాలో చౌకగా దొరికిందని పునాది తీయటానికి ఒప్పుకోరు. మెరక మీద కట్టి, పై అంతస్తు గట్టిగా ఉంచితే ఆపదలో ఆ భవనమే నాలుగు వందల మందికి ఆశ్రయం కావచ్చు. మెరక కదా అని జాతీయ రహదారి ప్రక్కన ఊరి చివర కడితే పాత ఊరి స్త్రీలు రారు. రానుపోను ఆటో కిరాయి పెట్టుకొని ఎవరూ నడకకు పోరు. పెద్ద కేంద్రానికి లోపల జాగా దొరకకుంటే చిన్నవి రెండు కట్టుకోవచ్చు. పురపాలక పాఠశాలల ఆవరణలను సాయంత్రం వేళ తెరిపించినా కొంత మేలే.

మంచినీళ్లు సరిగా రాని వార్డులున్నప్పుడు, మురుగుకాలువలకు దిక్కులేనప్పుడు కసరత్తుశాల ఎందుకని నా సహాధ్యాపకులొకరు స్టాఫ్‌రూములో వాదించినారు. వారి మాట త్రోసివేయదగినది కాదు. నీళ్లు ముందు రావలె, నిజమే. అయితే కాలువ బాగుపడితే మా అమ్మగారు వీధిలో నడవగలిగేవారేమో గదా! కాలువ సొమ్ము తీసి దీనికి పెట్టమని నేను కోరటం లేదు. ప్రతి ఏటా చౌరస్తాలలో విగ్రహాలకు, తోరణాలకు, వెలుగుదీపాలకు ఖర్చయ్యే సొమ్ము ఉన్నది. దానిని గురించి స్టాఫ్‌రూములో ఎవరూ వాదించటం నేను వినలేదు.

ముందుగా లెక్క కావలె. ఏ వార్డులో ఎందరు నడవదలచినారు, ఎంత దూరం రాగలరు, ఏ వేళ తీరిక, ఇంట్లో అభ్యంతరమున్నదా, రుసుము ఎంతవరకు ఇవ్వగలరు అన్న అయిదు ప్రశ్నలు చాలు. ఆ ప్రశ్నలను తెలుగులోను, ఉర్దూలోను ఒకే కాగితం మీద అచ్చువేయించటానికి ఉర్దూ శాఖలోని మిత్రులు ఒప్పుకొన్నారు. జాతీయ సేవాపథకం విద్యార్థులు ఇద్దరిద్దరుగా, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చొప్పున, ఇల్లిల్లూ తిరిగితే పాత ఊరి వార్డులు దసరా సెలవులలో పూర్తిచేయవచ్చు. ఆ కాగితాలు కట్టగట్టి పురపాలక కార్యాలయంలో ఇచ్చేటప్పుడు వెంట వచ్చేవారు కనీసం యాభైమంది ఉండవలె. తస్బీహ్ చేతబట్టుకొని మా అమ్మగారు వస్తామన్నారు. ఖోఖో ఆడిన ఆ అమ్మాయిని ఇంకా అడగవలసి ఉన్నది.