కెమెరా కొనే ముందు దొంగ వచ్చే దారి చూడండి



ఆమధ్య కదిరి వైపు ఒక పల్లెకు పోయాను. అక్కడ మూడెకరాల రైతు ఒకాయన బోరు కింద వేరుశనగ వేశాడు. పైరు ఊడలు దిగుతోంది. తెల్లారి నీళ్లు పెడదామని పోతే స్టార్టరు డబ్బా తలుపు తెరిచి ఉంది. బోరు నుంచి డబ్బా దాకా ఉండాల్సిన కేబులు లేదు. రాత్రికి రాత్రి కోసుకుపోయారు. దొంగకు కావలసింది అందులోని రాగి. పైతొక్క కాల్చేసి తూకానికి అమ్ముకుంటాడు. వాడికి దక్కేది నాలుగు రాళ్లు. మన రైతుకు మాత్రం డబ్బు సర్దుకుని, కొత్త కేబులు తెచ్చి, మెకానిక్కును పిలిచి బిగించుకునే సరికి ఎనిమిది రోజులు పట్టింది. ఊడలు దిగే సమయంలో ఎనిమిది రోజులు తడి లేకపోతే వేరుశనగ ఏమవుతుందో మీకు తెలియంది కాదు.

ఆయన నన్ను ఒక మాట అడిగాడు. "అన్నా, టౌన్లో ఒకాయన నాలుగు కెమెరాలు, రికార్డు పెట్టె, టీవీ అన్నీ కలిపి ఇరవై వేలకు బిగిస్తానంటున్నాడు. అప్పు చేసైనా పెట్టించుకోమంటావా?"

వద్దన్నాను. ముందు ఒక్కటి పెట్టుకో, అదీ దొంగ ఏ దారిన వస్తాడో చూసి పెట్టుకో అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నలుగురికీ చెబితే మంచిదనిపించి ఇది రాస్తున్నాను.

కెమెరా చేసే పని ఎంత?

కెమెరా దొంగ చెయ్యి పట్టుకోదు. అది చేసేవి మూడే పనులు. కంటికి కనబడితే కొందరు దొంగలు వెనక్కి పోతారు. మనిషి కదిలితే మీ ఫోను మోగిస్తుంది. తర్వాత పోలీసులకు బొమ్మ చూపిస్తుంది. ఇందులో రెండోదే రైతుకు ముఖ్యం. ఫోను మోగినా లేచేవాళ్లు లేకపోతే, లేచినా అక్కడికి పోయేవాళ్లు లేకపోతే, ఇరవై వేలు పెట్టినా దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగిన సామెతే. అందుకే కొనే ముందు ఇంట్లో కూర్చుని ఒక సంగతి తేల్చుకోండి. రాత్రి రెండు గంటలకు ఫోను మోగితే ఎవరు లేస్తారు? ఎవరిని కేక వేస్తారు? దీనికి జవాబు దొరికాకే దుకాణానికి పొండి.

ఎక్కడ పెట్టాలి?

కొత్తగా పెట్టేవాళ్లంతా చేసే పొరపాటు ఒకటుంది. ఎత్తున బిగించి, "చూడన్నా, మొత్తం చేను కనబడుతోంది" అని మురిసిపోతారు. పగలు చేను కనబడుతుంది, నిజమే. రాత్రి దొంగ వస్తే చీమంత కనబడతాడు. ముఖం తెలియదు.

నా తప్పు కూడా చెబుతాను. మా పశువుల కొట్టానికి కెమెరా పెట్టినప్పుడు పదిహేను అడుగుల ఎత్తున, బల్బు పక్కనే బిగించాను. ఆ వెలుతురుకు పురుగులు మూగాయి. పురుగుల కోసం సాలీడు గూడు కట్టింది. పురుగు ఎగిరినా, గూడు ఊగినా ఫోను మోగేది. రెండు రాత్రులు చూసి విసిగిపోయి మోత ఆపేశాను. ఆ వారంలోనే కొట్టంలో మందు కొట్టే పంపు పోయింది. బొమ్మలో పడింది తువ్వాలు చుట్టిన నెత్తి ఒక్కటే. అలాంటి తువ్వాళ్లు మా ఊళ్లో సగం మందికి ఉన్నాయి!

కాబట్టి వస్తువు మీద కాదు, వస్తువు దగ్గరికి వచ్చే దారి మీద కెమెరా పెట్టండి. ఇంటికైతే వాకిలి, గొర్రెల దొడ్డికైతే తడిక తలుపు, చేనుకైతే బండిబాట వచ్చి రోడ్డుకు కలిసే మలుపు. ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తు చాలు. మనిషి పది, పన్నెండు అడుగుల దూరంలోకి వచ్చినప్పుడు ముఖం తెలియాలి. నేరుగా తూర్పుకో పడమరకో తిప్పితే ఎండ పొడిచి పొద్దునా సాయంత్రం బొమ్మ తెల్లబారుతుంది. అద్దం వెనక పెడితే రాత్రి దాని వెలుగు దాని కంట్లోనే పడి ఏమీ కనబడదు. ఎదురుగా చెట్టు కొమ్మ ఊగుతుంటే నరికేయండి. నెలకోసారి పొడి గుడ్డతో తుడవండి.

ఇంట్లో పాత స్మార్టుఫోను ఉంటే కొనక ముందే పరీక్ష చేసుకోవచ్చు. అనుకున్న చోట దాన్ని కట్టి, వీడియో పెట్టి, మీరే దొంగలా నడిచి రండి. ముఖం తెలిసిందా, కాళ్లే కనబడ్డాయా అన్నది అప్పుడే తేలుతుంది. ఇది పగటి పరీక్షే సుమా. చీకట్లో కనబడే కన్ను మామూలు ఫోనుకు ఉండదు.

ఏ రకం కొనాలి?

ఇంటి దగ్గర ఇంటర్నెట్టు ఉన్నవాళ్లకు వైఫై కెమెరా సులువు. మామూలు రకం రెండు వేలకు అటూ ఇటూగా దొరుకుతోంది. ఇలాంటి కెమెరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. ఫోను అందుకున్న వైఫై కెమెరా అందుకోకపోతే కారణం తరచూ ఇదే. కనెక్షను ఇచ్చినతన్ని అడిగితే సరిచేస్తాడు. కరెంటు పోతే కెమెరా, ఇంటర్నెట్టు పెట్టె రెండూ ఆగిపోతాయి. రెండింటికీ చిన్న బ్యాటరీ ఆసరా ఉండాలి. మెయిన్ ఫీజు పీకి పని కానిచ్చే దొంగలూ ఉన్నారు మరి.

చేను దగ్గర పద్ధతి వేరు. మన రాష్ట్రంలో వ్యవసాయ ఫీడరుకు తొమ్మిది గంటలే సరఫరా. దొంగ వచ్చేది అది లేనప్పుడే. కాబట్టి అక్కడ సిమ్ముతో నడిచే సోలార్ కెమెరా కావాలి. దానికి ధర ఎక్కువ, నెలనెలా రీచార్జి కూడా ఉంటుంది. ఆ ఖర్చు ఏడాదికి లెక్క వేసుకోండి. కొనేముందు అదే కంపెనీ సిమ్ము ఫోనులో వేసుకుని, పెట్టబోయే చోట నిలబడి వీడియో కాల్ చేసి చూడండి. మాట తెగిపోతుంటే కెమెరా కూడా పని చేయదు. ఇంకొక సంగతి. ఒంటరి చేనులో కెమెరానే ఎత్తుకుపోతారు. రెండు నిలువుల స్తంభం మీద, చెయ్యి అందనంత ఎత్తున పెట్టగలిగితేనే పెట్టండి. అంత ఎత్తున ముఖం సరిగా తెలియదు గనక మనిషి ఎదురుగా నడిచివచ్చే బాట వైపు, కాస్త దూరం నుంచి చూసేలా తిప్పండి.

ఆరుబయట పెట్టేదానికి వానకూ దుమ్ముకూ తట్టుకునే ఐపీ 66 రకం అడగండి. పెట్టె మీద బీఐఎస్ రిజిస్ట్రేషను గుర్తు చూడండి. బిల్లు తీసుకోండి. చిత్రం దాచే కార్డు గురించి ఒక లెక్క. మామూలు కెమెరా సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున రాస్తే రోజుకు దాదాపు 11 జీబీ పడుతుంది. 32 జీబీ కార్డు మూడు రోజులకు నిండుతుంది. 128 జీబీదైతే పదకొండు రోజుల పైన వస్తుంది. నిండగానే పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రాసుకుంటుంది. మీరు నాలుగు రోజులకోసారి చేనుకు పోయేవాళ్లయితే చిన్న కార్డు పనికిరాదు.

తాళం చెవి మరొకరికి ఇవ్వకండి

కెమెరాకు కంపెనీ పెట్టిన పాస్‌వర్డు ఒకటి ఉంటుంది. బిగించినతను దాన్నే వదిలేసి పోతాడు. అది మార్చకపోతే మీ వాకిలి బయటివాడు చూడగలడు. ఇది ఉత్తమాట కాదు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము కంపెనీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను లక్షల సంఖ్యలో లొంగదీసుకుంది. ఆ కెమెరాల చేతనే అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. మన కేంద్రప్రభుత్వం కూడా 2024లో కెమెరాలకు భద్రత పరీక్షలు ఉండాలని నిబంధన తెచ్చింది. ఎన్ని నిబంధనలున్నా పాస్‌వర్డు మార్చాల్సింది మీరే. మీ ఫోను నంబరు, పిల్లల పేర్లు పెట్టకండి. బిగించినతని ఫోనులో మీ కెమెరా కనబడుతుంటే మీ ఎదుటే తీసేయించండి. మీ అబ్బాయి ఊళ్లో లేకపోయినా మీకు తెలిసేలా ఆ పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఆడవాళ్ల మర్యాద

పక్కింటి స్నానాల దొడ్డి, బట్టలు మార్చుకునే చోటు మీ కెమెరాలో పడకూడదు. పడేలా పెట్టి చూస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరమవుతుంది. చట్టం మాట అటుంచండి, కూలికి వచ్చే ఆడవాళ్లు మీ చేనుకు రావడమే మానేస్తారు. బిగించాక పక్కింటివాళ్లను పిలిచి "ఇదిగో వదినా, ఇంతవరకే కనబడుతుంది" అని ఫోనులో చూపించండి. వాళ్లకు అనుమానం తీరుతుంది. రేపు మీరు ఊళ్లో లేనప్పుడు కేక వేసేది కూడా ఆ ఇంటివాళ్లే.

దొంగతనం జరిగిపోతే

మొదట కార్డు తీసి పక్కన పెట్టండి. లేకపోతే పైన చెప్పినట్టు దాని మీదే కొత్తది రాసుకుపోతుంది. కార్డును చెరపడం, కత్తిరించడం చేయకండి. కెమెరాలో తేదీ, గంట సరిగ్గా ఉన్నాయా అన్నది ముందే చూసుకుని ఉండాలి. తేదీ తప్పుంటే కోర్టులో వకీలు అక్కడే పట్టుకుంటాడు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఇలాంటి చిత్రానికి ధ్రువపత్రం జత చేయాలి. అందులో ఒక భాగం కెమెరా గలవాళ్లు, ఇంకో భాగం నిపుణుడు ఇవ్వాలి. స్టేషనులో ఫిర్యాదు ఇచ్చేటప్పుడే దీని సంగతి అడగండి. కార్డు ఇస్తే రసీదు రాయించుకోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం బొమ్మ పెట్టి ఫలానావాడే దొంగ అని రాయకండి. మనిషి వేరైతే ఊళ్లో కొట్లాట అవుతుంది, కేసు మీ మీదికే వస్తుంది.

కెమెరాకు డబ్బు లేదని, దొంగల కోసమని చేను చుట్టూ, మోటారు చుట్టూ కరెంటు తీగ పెట్టే ఆలోచన మాత్రం వద్దే వద్దు. దానికి దొంగే తగులుతాడని ఏముంది? మీ బిడ్డ తగలొచ్చు, నీళ్లు కట్టడానికి వచ్చిన కూలి తగలొచ్చు.

ఇది ఒక్క రైతు మోసే బరువు కాదు

చివరికి అసలు మాట. పొలంలో ట్రాన్స్‌ఫార్మరు విద్యుత్ సంస్థ ఆస్తి. దాని తీగలు, సామాను దొంగిలిస్తే 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలుంది. అలాంటప్పుడు దాని కాపలా ఖర్చు, అది పోతే మళ్లీ తెచ్చుకునే ఖర్చు రైతుల నెత్తిన పెట్టడం ఏ న్యాయం? దీని మీద నలుగురూ కలిసి రాతపూర్వకంగా అడగాలి. నోటిమాటగా లైన్‌మెన్‌తో చెప్పి ఊరుకుంటే అది గాల్లో కలిసిపోతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చిపోయే దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలంది. హైదరాబాదులో పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీల వాళ్లను కూడగట్టి వీధులకు కెమెరాలు పెట్టించారు. మరి పల్లెకు ఏది? మన ఊళ్లకు రెండు, మూడు దారులే. కోసిన కేబులైనా, ఎత్తిన గొర్రెలైనా బండి ఎక్కి ఆ దారినే పోవాలి. ప్రతి రైతూ అప్పు చేసి నాలుగేసి కెమెరాలు పెట్టుకునే బదులు పంచాయతీ ఆ దారుల్లో రెండు మంచి కెమెరాలు పెట్టి, వాటి బాగోగులు చూస్తే ఊరందరికీ కాపలా. అంతకన్నా ముఖ్యం, కాల్చిన రాగి కొనే పాత సామాన్ల దుకాణాల్లో కెమెరా, అమ్మినవాళ్ల వివరాలు రాసే పుస్తకం ఉండేలా పోలీసులు చూడాలి. కొనేవాడు లేకపోతే కోసేవాడు ఉండడు.

ఆ కదిరి వైపు రైతు చివరికి ఇల్లు తాకట్టు పెట్టలేదు, ఇరవై వేలూ పెట్టలేదు. పక్కపక్క బోర్ల వాళ్లు నలుగురు కలిసి బండిబాట మలుపులో ఒక్క సోలార్ కెమెరా పెట్టుకున్నారు. నాలుగు ఫోన్లూ మోగుతాయి. వారానికొకరు లేచే వంతు. రీచార్జి నలుగురి మీదా పడుతుంది. ఇంతవరకు దొంగ దొరకలేదు, వాళ్ల కేబుళ్లూ పోలేదు.

మీరూ ఈ రాత్రి భోజనమయ్యాక టార్చి పట్టుకుని బయటికి రండి. దొంగవైతే ఎటునుంచి వస్తావని మిమ్మల్ని మీరే అడుక్కుని ఆ దారి నడిచి చూడండి. పక్క చేను రైతునూ వెంట పిలవండి. కెమెరా సంగతి ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.