వచ్చిందా, అమ్మా?

క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకును, దానితో లాటినును లోతుగా చదవాలని మా అమ్మాయి డిసెంబరులో అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పెట్టింది. ఈ శాఖలు ఏటా కొద్దిమందినే తీసుకుంటాయి. మార్చి గడిచినా ఒక్కచోటినుండే పిలుపు వచ్చింది. తాను కోరిన చోటినుండి జవాబు లేదు. "వచ్చిందా, అమ్మా?" అని రోజూ అడిగి మేమే ఆమెను నలిపివేశాము.

అక్కడ ఆర్థిక సహాయంతో సీటు పొందినవారికి చాలాచోట్ల ఏప్రిల్ 15 వరకు గడువు ఉంటుంది. వారు వదలిన సీటే వేచియున్నవారికి దక్కుతుంది. కనుక మౌనమంతా తిరస్కారం కాదు. ఇది తెలిసి అడగడం మానుకున్నాము.

ఏప్రిల్ రెండవ వారంలో కోరిన పిలుపు వచ్చింది. ఆ సాయంత్రమే ఆమె మొదటి సీటు వదులుకుంటూ ఉత్తరం వ్రాసింది. "ఇంకో ఇంట్లోనూ అడుగుతూ ఉంటారు కదా, నాన్నా" అన్నది.