పని మనది, ఫ్యాక్టరీ ఎవరిది?

“అన్నా, ఐటీఐలో మెషినిస్టు తీసుకోవాల్నా, వద్దా?” నందికొట్కూరులో టెన్త్ పాసైన పిల్లలు అడుగుతున్న ప్రశ్న ఇది.

తీసుకో తమ్ముడూ! మిల్లింగు, గ్రైండింగు మిషన్ల మీద రెండేళ్లు చేయి తిరిగినోడు ఎవరికీ తీసిపోడు. తప్పు ఆ పనిది కాదు, సీమలో ఆ పనికి చోటు లేకుండా చేసిన పాలకులది.

కడప ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో తేల్చమంది 2014 విభజన చట్టం. 2007, 2018, 2019, 2023లలో నాలుగుసార్లు కొబ్బరికాయలు కొట్టారు. 2023 దాకా ఒక్క కొలిమీ వెలగలేదు! 1937 శ్రీబాగ్ ఒప్పందాన్ని అటకెక్కించి, 1956లో కర్నూలు రాజధానిని తరలించిన బుద్ధే ఇది.

మిషను నేర్చిన చేతులు బెంగళూరు బస్సెక్కడమేనా మన రాత? విద్యార్థులారా, ఉద్యోగులారా! పని నేర్వండి, ఫ్యాక్టరీ అడగండి. రాయలసీమ రాష్ట్రం సాధిద్దాం!