వయసును కాదు... మనిషిని చూడాలి!

క్యాన్సర్‌ ఆసుపత్రుల్లో ఓపీ గది ముందు రోజూ కనిపించే దృశ్యమే ఇది. డెబ్బై దాటిన పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉంటారు. ఫైలు కొడుకు చేతిలో ఉంటుంది. లోపలికి వెళ్లాక డాక్టరు ఫైలు తిరగేస్తారు, కొడుకుతో మాట్లాడతారు. కొడుకు అడిగేది ఒకటే ప్రశ్న. ‘‘ఈ వయసులో మా నాన్న కీమో తట్టుకోగలరా అండీ?’’

దీనికి జవాబు చాలాసార్లు పుట్టినతేదీని బట్టే వస్తుంది. ‘పెద్ద వయసు కదా, ఇంకెందుకు ఇబ్బంది పెట్టడం’ అంటూ కొందరికి చికిత్సే వద్దనేస్తారు. మరికొందరికి నలభై ఏళ్ల మనిషికిచ్చే మోతాదే ఇచ్చేస్తారు. తీరా రెండు వారాలు తిరగకుండానే ఐసీయూలో చేర్చాల్సి వస్తుంది. రెండు చోట్లా జరిగిన పొరపాటు ఒకటే. ఫైలును చూశారు, మనిషిని చూడలేదు.

ఇందులో డాక్టర్లను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. క్యాన్సర్‌ ఎక్కువగా వచ్చేది పెద్ద వయసులోనే అయినా, మందులను పరీక్షించింది మాత్రం ఎక్కువగా వయసులో ఉన్నవారి మీద. 1999లో న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనమే ఇందుకు సాక్ష్యం. అప్పట్లో అమెరికా క్యాన్సర్‌ బాధితుల్లో 65 ఏళ్లు, అంతకన్నా పైబడినవారు 63 శాతం. ఔషధ ప్రయోగాల్లో చేర్చుకున్నవారిలో మాత్రం వారు 25 శాతమే. ఇక పెద్దలకు ఏ మోతాదు సరిపోతుందో పుస్తకాల్లో ఎలా దొరుకుతుంది?

ఈ లోటును పూడ్చడానికి నడుం కట్టినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు డాక్టర్‌ ఆర్తి హురియా. వృద్ధుల వైద్యం, క్యాన్సర్‌ వైద్యం రెండింట్లోనూ శిక్షణ పొందిన ఆమె కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్‌ హోప్‌ ఆసుపత్రిలో పనిచేశారు. 2011లో వెలువడిన అధ్యయనం కోసం ఆమె బృందం 65 ఏళ్లు, ఆపై వయసున్న 500 మంది రోగులను పరిశీలించింది. సగం మందికి పైగా, అంటే 53 శాతం మందిలో కీమోతో తీవ్ర దుష్ప్రభావాలు తలెత్తాయి. అవి ఎవరికి రావొచ్చో ముందే అంచనా వేయడానికి 11 అంశాలతో ఒక స్కోరు తయారుచేశారు. వయసు, హిమోగ్లోబిన్‌, కిడ్నీల పనితీరు, మందుల మోతాదు వంటివి ఎలాగూ ఉన్నాయి. వాటి పక్కనే ఎంతో మామూలుగా కనిపించే ప్రశ్నలూ ఉన్నాయి. గత ఆరు నెలల్లో ఎప్పుడైనా కింద పడ్డారా? చెవులు బాగా వినిపిస్తున్నాయా? కాస్త దూరం నడవడం కష్టంగా ఉందా? మాత్రలు వేసుకోవడానికి ఎవరైనా సాయపడాలా? నలుగురిలోకి వెళ్లడం తగ్గిందా? డాక్టరు పైపైన చూసి వేసే అంచనా కన్నా ఈ ప్రశ్నలే ప్రమాదాన్ని బాగా పసిగట్టాయి.

అయితే హురియా చేసిన పనుల్లో ఈ స్కోరుకు సాటి వచ్చేది మరొకటి ఉంది. అది మనుషులను తయారుచేయడం. 2006లో ఆమె ‘క్యాన్సర్‌ అండ్‌ ఏజింగ్‌ రిసర్చ్‌ గ్రూప్‌’ను ప్రారంభించారు. వేర్వేరు ఆసుపత్రుల్లోని సీనియర్లు, అప్పుడప్పుడే పరిశోధనలోకి అడుగుపెడుతున్న యువ వైద్యులు క్రమం తప్పకుండా ఫోన్‌లో కలుసుకునే వేదిక ఇది. కుర్రవాళ్లు తమ ఆలోచనను ముందు పెడతారు. పెద్దలు అందులోని లోపాలు చూపిస్తారు, దిద్దుతారు, దారి చెబుతారు.

2018 నవంబరులో రోడ్డు ప్రమాదంలో హురియా మరణించారు. అప్పటికి ఆమెకు 48 ఏళ్లే. ఒక్కరి మీదే నడిచే పని అయితే అక్కడితో ఆగిపోయేది. ఇది ఆగలేదు. 2021లో రోచెస్టర్‌ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్‌ సుప్రియా మొహిలే బృందం 718 మంది మీద చేసిన అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. వీరంతా 70 ఏళ్లు, ఆపై వయసుండి, పూర్తిగా నయం కాని దశలో ఉన్నవారు. పెద్దల స్థితిగతుల సమగ్ర పరీక్ష ఫలితాలను, తగిన సూచనలను డాక్టర్ల చేతికి అందిస్తే తీవ్ర దుష్ప్రభావాలు 71 శాతం నుంచి 51 శాతానికి తగ్గాయి. ఆరు నెలల తర్వాత జీవించి ఉన్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. అదే ఏడాది హురియా పనిచేసిన సిటీ ఆఫ్‌ హోప్‌ నుంచి డాక్టర్‌ డానెంగ్‌ లీ బృందం 613 మందితో ఇలాంటి ఫలితాన్నే వెల్లడించింది. ఒకరు వెలిగించిన దీపంతో మరో దీపం వెలగడమంటే ఇదే.

మరి మన సంగతి? అమెరికా స్కోరును తెలుగులోకి తర్జుమా చేసుకుంటే చాలదా అనిపించవచ్చు. చాలదు. ‘మీ మాత్రలు మీరే వేసుకోగలరా’ అన్న ప్రశ్ననే తీసుకోండి. స్ట్రిప్పు మీది ఇంగ్లిషు చదవలేక మనవరాలిని పిలిచే తాత బలహీనుడు కాకపోవచ్చు. ‘డబ్బు లెక్కలు చూసుకోగలరా’ అంటే, జీవితంలో ఎప్పుడూ బ్యాంకు గడప తొక్కని అవ్వ ‘లేదు’ అనే అంటుంది. అంతమాత్రాన ఆమెకు మతిమరుపు ఉన్నట్లు కాదు. మన పల్లెల్లో ‘పొలం దాకా నడిచి వెళ్లొస్తున్నారా, వీధి కుళాయి నుంచి బిందె తేగలరా’ అని అడిగితేనే అసలు విషయం తెలుస్తుంది. ఏ జవాబు ఎంత ప్రమాదాన్ని సూచిస్తుందో మన రోగుల మీద, మన భాషలో, మన డాక్టర్లే తేల్చాలి.

దేశంలో మొదలే లేదని కాదు. ముంబయిలోని టాటా మెమోరియల్‌ ఆసుపత్రిలో 2018 నుంచి పెద్దల కోసం ప్రత్యేక క్యాన్సర్‌ క్లినిక్‌ నడుస్తోంది. డాక్టర్‌ వనితా నొరోన్హా వంటివారు అక్కడ పరిశోధనలూ చేస్తున్నారు. విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రి ఆ కుటుంబంలోదే. హైదరాబాద్‌లో నిమ్స్‌ ఉంది, ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆసుపత్రి ఉంది. రోగులకు కొదవ లేదు, ఉత్సాహమున్న యువ డాక్టర్లకూ కొదవ లేదు. కొరతంతా వేలు పట్టి నడిపించేవారికే.

మన పీజీ వైద్య విద్యార్థులు థీసిస్‌ రాయాల్సిందే. కానీ ఓపీ ఒత్తిడి మధ్య దొరికిన అంశమేదో పట్టుకుని, పరీక్ష గట్టెక్కించడానికి రాసే థీసిస్‌లే ఎక్కువ. అవి బీరువాలోకి చేరతాయి. ప్రశ్నను ఎలా ఎంచుకోవాలో, లెక్కలు ఎలా కట్టాలో, ఫలితం ఆశించినట్టు రానప్పుడు ఏం చేయాలో పక్కన కూర్చుని చెప్పే సీనియర్‌ ఉంటే అదే థీసిస్‌ వందల మంది పెద్దలకు పనికొచ్చేది.

దీనికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. ఆసక్తి ఉన్న ప్రతి యువ డాక్టరుకు ఒక క్యాన్సర్‌ నిపుణుణ్ని, ఒక వృద్ధుల వైద్యుణ్ని జత చేయాలి. పరిశోధనకు వారంలో ఒక పూట ఓపీ నుంచి విడుపు ఇవ్వాలి. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులు నెలకోసారి వీడియో కాల్‌లో కలుసుకోవాలి. అందులో నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు కూడా చోటుండాలి. పెద్దాయన తూలుతున్నారని ముందు గమనించేది తరచూ వారే. శిష్యులను తయారుచేసిన ప్రొఫెసర్‌ శ్రమను పదోన్నతుల్లో లెక్కలోకి తీసుకోవాలి.

ఇవన్నీ జరిగేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మీ ఇంట్లో పెద్దలకు క్యాన్సర్‌ చికిత్స మొదలవుతుంటే నాలుగు విషయాలు డాక్టరుకు మీరే చెప్పండి. ఈ మధ్య కింద పడ్డారా, బరువు తగ్గారా, రోజూ ఏయే మాత్రలు వేసుకుంటున్నారు, వారి పనుల్లో వేటికి ఇతరుల సాయం కావాల్సి వస్తోంది. వీటితో పాటు, చికిత్సతో తాను ఏం కోరుకుంటున్నారో ఆ పెద్దాయన్నే చెప్పనివ్వండి.

‘నాన్న తట్టుకోగలరా?’ అన్న ప్రశ్నకు పుట్టినతేదీ జవాబు కాదు. సరైన జవాబు వెతికే డాక్టర్లు మనకు కావాలి. ఆ వెతకడాన్ని నేర్పే గురువులు అంతకన్నా ముందు కావాలి.