‘జ్ఞా’ చేసిన నేరమేమి?

2018 ఫిబ్రవరిలో మన తెలుగక్షరానికి దేశదేశాల పేరు వచ్చింది. అది మంచిపేరు మాత్రం కాదు. ఐఫోనును పడగొట్టే అక్షరమని పత్రికలన్నీ దానిని వర్ణించాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. ‘జ్ఞానము’ అనే మాటను ఏళ్ళతరబడి పిల్లలచేత దిద్దించిన నాకు ఆ నింద మింగుడుపడలేదు.

అసలు జరిగినదేమిటి? జకారం, పొల్లు, ఞకారం, ఆపై దీర్ఘం. ఇది మనం నిత్యం రాసేదే. దీనివల్ల ఏ ఫోనూ పడిపోలేదు. ఞకారానికీ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక సంకేతం చేరినప్పుడే చిక్కు వచ్చింది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు వకారం వత్తుగా మారకుండా మనమందరమూ వాడుకునే అడ్డుకట్టే అది. యూనికోడుతో కుస్తీపట్టిన బ్లాగరులకు ఈ జడ్‌డబ్ల్యూఎన్‌జే పాత చుట్టమే.

ఆ కూర్పును తెరమీద పేర్చబోయి ఐఓఎస్ 11.2.5 తన మెమొరీని తానే చెరుపుకున్నది. సందేశాన్ని చూపబోయిన అప్లికేషను మూతపడేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే పతనం. ఆకతాయిలు దానిని పనిగట్టుకొని పంచిపెట్టారు. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 విడుదలచేసి దోషాన్ని సరిదిద్దింది. భద్రతాలోపాల పట్టికలో దాని సంఖ్య సీవీఈ-2018-4124.

మెమొరీ విషయంలో ప్రోగ్రాములు చేసే తప్పులలో రెండు ముఖ్యమైనవి. అడిగి తీసుకున్న చోటును పని ముగిశాక తిరిగి ఇవ్వకపోవడం మొదటిది. దానినే లీకు అంటారు. 1992 నవంబరులో లండను అంబులెన్సుల కంప్యూటరు ఈ విధంగానే, వాహనాన్ని పంపిన ప్రతిసారీ కాస్తంత చోటును బిగబట్టి, మూడు వారాలలో మెమొరీ నిండుకొని ఆగిపోయింది. రాయరాని చోట రాసి పాడుచేయడం రెండవది; ‘జ్ఞా’ వద్ద జరిగినది ఇదే. ఒకటి తీర్చని ఋణం, మరొకటి ఆక్రమణ. రెండింటి ఫలమూ ఒక్కటే: యజమానికి తన యంత్రమే అక్కరకు రాకుండా పోతుంది. ఆ బలహీనతను పసిగట్టిన దుష్టునికి అది ఆయుధమవుతుంది.

కనుక దోషం అక్షరానిది కాదు. బెంగాలీ, దేవనాగరి లిపులలోనూ ఇటువంటి కూర్పులు ఉన్నట్లు తరువాత తేలింది. వత్తులూ గుణింతాలూ పైనా కిందా చేరడం మన లిపుల స్వభావం. ఆ స్వభావాన్ని లెక్కలోకి తీసుకోని పరీక్ష అసలు పరీక్షే కాదు.

మా తెల్లాపూరుకు నానక్‌రాంగూడ దూరమేమీ కాదు. అక్కడి వేవ్‌రాక్‌లో 2016 మే నెలలో టిమ్ కుక్ తమ మ్యాపుల కేంద్రాన్ని ప్రారంభించారు. అది పటాల కార్యాలయం. అక్షరాల తప్పును వారి తలకు చుట్టను. నా బాధ వేరు. ఈ దారి పొడుగునా తెలుగు దిద్దుకున్న ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. ఏ సంస్థలో ఉన్నా, తాము పరీక్షకు పెట్టే పాఠాలలో మన సంయుక్తాక్షరాలను, ఆ కనబడని అడ్డుకట్టతో సహా, వారు చేర్చాలి. అప్పుడు తప్పు ఆకతాయి కంటపడకముందే వారికి దొరుకుతుంది.

ఇక మన సంగతి. తెలుగు రాసేటప్పుడు యంత్రం తడబడితే సర్దుకుపోవడం మనకు అలవాటైపోయింది. ఆ తడబాటును తయారుచేసినవారికి రాసి తెలపడమూ భాషాసేవే అని నా అభిప్రాయం. మిత్రులేమంటారు?