ధనుర్మాసంలో ఖాళీ హాళ్లు

శామీర్‌పేట వైపు ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లి సంగీత కచేరీ పెట్టుకుంటామన్నా మేనేజరు మొదట అడిగేది ఒకటే: "సౌండు మాదా, మీదా సార్?" మైకులు వద్దు, స్పీకర్లు వద్దు, వాయించేది ఇద్దరే, ఒకరిది సెల్లో, ఒకరిది పియానో అంటే ఆయన మొహంలో అనుమానం కనిపిస్తుంది. "గింత హాల్ల మైకు లేకుంట వెనకోళ్లకు ఎట్ల ఇనపడ్తది?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తన హాలు దేనికోసం కట్టిందో ఆయనకు బాగా తెలుసు.

మేడ్చల్, శామీర్‌పేట పాతికేళ్లలో ఎంత మారాయో ఈ దారిన పోయేవాళ్లకు చెప్పనక్కర్లేదు. 44వ జాతీయ రహదారి వెంట గోదాములు, రాజీవ్ రహదారికి అటూఇటూ రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో బిట్స్ పిలానీ తన హైదరాబాద్ క్యాంపస్‌ను ఈ పక్కనే తెరిచింది. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారైన టీకాలు దేశదేశాలకు పోతున్నాయి. దేశాలు తిరిగొచ్చినవాళ్లకు, పిల్లల్ని కీబోర్డు క్లాసుల్లో చేర్పించినవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. లేనిదల్లా ఓ రెండువందల మంది నిశ్శబ్దంగా కూర్చుని చెక్క వాద్యం సొంత గొంతు వినగలిగే గది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద మనసుపడితే హైదరాబాద్ వెస్టర్న్ మ్యూజిక్ ఫౌండేషన్, గోథె జెంట్రుమ్ లాంటివాళ్లు నగరంలో పెట్టే కచేరీలకు పోవాలి. శామీర్‌పేట నుంచి బంజారాహిల్స్‌కు ముప్పై కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. పనిరోజు సాయంత్రం ఆ ప్రయాణం చేసి వెళ్లినవాడికి మొదటి అంశం దక్కితే అదృష్టమే.

దీనికి సాధారణంగా వినిపించే సలహా, ఇక్కడ కూడా వెయ్యి కుర్చీల ఆడిటోరియం ఒకటి కట్టాలని. అది అక్కర్లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఇంగ్లండ్ తూర్పు తీరంలోని ఆల్డ్‌బరో అనే ఊరి కథ చెప్పాలి.

అది చేపలు పట్టేవాళ్ల ఊరు. జనాభా ఇప్పటికీ కొద్దివేలే. లండన్ అక్కడికి దాదాపు నూటయాభై కిలోమీటర్లు. స్వరకర్త బెంజమిన్ బ్రిట్టెన్ 1947లో అక్కడ కాపురం పెట్టాడు. ఆ ఏడాదే ఆయన ఒపెరా బృందం యూరప్‌లో ఊరూరూ తిరిగింది. ఆదరణ దక్కింది కానీ ఖర్చు మీదపడింది. అప్పుడు ఆయన సహచరుడు, గాయకుడు పీటర్ పియర్స్ ఒక మాటన్నాడట: ఇంత దూరాలు తిరిగే బదులు మన ఊళ్లోనే ఒక ఉత్సవం పెట్టుకోకూడదా? 1948లో పెట్టేశారు. కొత్త హాలు కోసం ఆగలేదు. ఊళ్లో జూబిలీ హాలని మూడొందల మంది పట్టే పాత కట్టడం ఉంది. ఇంకా చర్చీలున్నాయి. వాటితోనే సరిపెట్టుకున్నారు.

1960 సెప్టెంబరులో రష్యన్ సెల్లో విద్వాంసుడు రోస్త్రోపోవిచ్ లండన్‌లో స్వరకర్త షోస్తకోవిచ్ రాసిన కాన్సర్టో వాయించాడు. ప్రేక్షకుల్లో బ్రిట్టెన్ ఉన్నాడు. షోస్తకోవిచ్ ఇద్దర్నీ కలిపాడు. నాకోసం ఏదైనా రాయమని రోస్త్రోపోవిచ్ పట్టుబట్టాడు. బ్రిట్టెన్ సరేనన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు: నువ్వు మా ఊరి ఉత్సవానికి రావాలి. అలా పుట్టిన సి మేజర్ సొనాటాను 1961 జులైలో ఆ చిన్న జూబిలీ హాల్లోనే మొదటిసారి వినిపించారు. సెల్లో రోస్త్రోపోవిచ్‌ది, పియానో బ్రిట్టెన్‌ది. ఒకరికొకరి భాష రాదు. ఇద్దరికీ కాస్తకాస్త వచ్చిన విరిగిన జర్మన్‌లో మాట్లాడుకునేవాళ్లు. మొదటి రిహార్సల్ బెరుకు పోవడానికి విస్కీ సాయం తీసుకున్నామని రోస్త్రోపోవిచ్ తర్వాత నవ్వుతూ చెప్పేవాడు. ఆ శతాబ్దపు అతిపెద్ద సెల్లో విద్వాంసుల్లో ఒకడు కొత్త రచన వినిపించడానికి లండన్ దాటి సముద్రపొడ్డు పల్లెకు వచ్చాడు. ఆయన్ని రప్పించింది భవనం కాదు, ఆ ఊళ్లో ఉన్న మనిషి.

ఊరు చిన్నదైతే సంగీతం చిన్నబోదని మనకు ఇంగ్లండువాళ్లు చెప్పాలా? 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మద్రాసు ముందు ఆ ఊరెంత? ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యుడై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పడమటి నుంచి వచ్చిన వాద్యాన్ని పక్కవాద్యపు పీట మీద నుంచి లేపి ఒంటరిగా కచేరీకి కూర్చోబెట్టినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు.

ఆయన్ని తలచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది: పియానోకూ మనం అదే పక్కవాద్యపు పీట వేస్తాం. సెల్లో, పియానో కచేరీ అనగానే మనవాళ్లు సెల్లో ప్రధానం, పియానో పక్కవాద్యం అనుకుంటారు. అది నిజం కాదు. 1796లో బెర్లిన్‌లో ప్రష్యా రాజు ఆస్థానంలో బీతోవెన్ తన మొదటి రెండు సెల్లో సొనాటాలు వినిపించినప్పుడు సెల్లో పట్టింది ఆస్థాన విద్వాంసుడు ద్యుపోర్ట్, పియానో ముందు కూర్చున్నది బీతోవెన్. ఆ రచనల్లో పియానోకే ఎక్కువ పని. రాజు స్వయంగా సెల్లో వాయించేవాడు కాబట్టి ఆ వాద్యానికి రాశాడు కానీ, తన వేళ్లకు పని తగ్గించుకోలేదు. 1808 నాటి ఏ మేజర్ సొనాటాకు వచ్చేసరికి ఇద్దరూ సమానం. బ్రామ్స్ రెండు సొనాటాల్లో, 1901 నాటి రాహ్మనినోవ్ సొనాటాలో పియానిస్టు ఒళ్లు దాచుకుంటే కచేరీ లేదు. బ్రిట్టెన్ సొనాటాలో ఒక భాగమంతా సెల్లో వాద్యకారుడు కమాను పక్కనపెట్టి తీగలు మీటుతూనే ఉంటాడు. ఆ మీటు చప్పుడు, దానికి బదులిచ్చే పియానో పొడి స్వరం రెండూ కలిసి విననిదే ఆ భాగంలో ఏముందో తెలియదు. స్పీకర్లలోంచి వస్తే రెండూ ఒకే డబ్బాలోంచి వచ్చిన చప్పుడవుతాయి.

అందుకే గది ముఖ్యం. సెల్లో నాలుగు తీగల్లో అన్నిటికన్నా మంద్రమైనది సెకనుకు సుమారు 65 కంపనాలు, ఆ పై తీగ 98. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ గొణుగుడు సరిగ్గా 100 దగ్గర ఉంటుంది. అంటే హాలు వెనకాల ట్రాన్స్‌ఫార్మర్ హుమ్మంటుంటే అది సెల్లో రెండో తీగ పక్కనే, కాస్త అపస్వరంగా, గంటన్నరసేపు పాడుతూ ఉంటుందన్నమాట. పెళ్లిలో అది ఎవరికీ పట్టదు. బ్రామ్స్ నెమ్మదించిన చోట తప్పకుండా పడుతుంది. ఏసీ, జనరేటరు, పక్క లాన్‌లో బరాత్ డీజే, ఇవన్నీ ఆ కింది స్వరాల చోటులోనే కాపురం ఉంటాయి.

ఇక పియానో. సెల్లో విద్వాంసుడు విమానంలో ఇంకో సీటు కొనుక్కుని తన వాద్యాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వస్తాడు. పియానిస్టుకు ఆ వీలు లేదు, ఊళ్లో ఏది ఉంటే దాని మీదే వాయించాలి. పెద్ద కాన్సర్ట్ గ్రాండ్ తొమ్మిదడుగుల పొడవు, అయిదువందల కిలోలకు దగ్గర. రెండువందల పైచిలుకు తీగలు కలిసి ఇనప చట్రాన్ని ఇరవై టన్నుల దాకా లాగుతుంటాయి. వానాకాలం తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం ఏసీకి కుంచించుకుపోతుంది, శ్రుతి జారుతుంది. లారీలో వేసి కదిలిస్తే మళ్లీ శ్రుతి చెయ్యాలి. ట్యూనరు వీధికొకరు దొరికే మనిషి కాడు. కాబట్టి అద్దెకు తెచ్చి ఒక్కరోజు వాయించి పంపడం కన్నా ఒకే చోట స్థిరంగా ఉంచి చూసుకునే పియానో విలువ ఎక్కువ. డిజిటల్ పియానో పెడితే సరిపోతుందనేవాళ్లున్నారు. సాధనకు బాగానే ఉంటుంది. కచేరీలో మాత్రం ఒకరి ధ్వని చెక్కలోంచి, ఇంకొకరిది స్పీకర్లోంచి వస్తే ఇద్దరూ రెండు వేర్వేరు గదుల్లో ఉన్నట్టే.

ఆల్డ్‌బరోకు కూడా చివరికి పెద్ద హాలు కావలసివచ్చింది, ఉత్సవం మొదలైన దాదాపు ఇరవై ఏళ్లకు. అప్పుడైనా కొత్తది కట్టలేదు. దగ్గర్లోని స్నేప్ అనే పల్లెలో బార్లీ నానబెట్టి మాల్ట్ చేసే పాత కర్మాగారం 1965లో మూతపడింది. దాని ఇటుక గోడలు ఉంచేసి, చెక్క కప్పు వేసి, ఎనిమిదివందల పైచిలుకు కుర్చీల హాలుగా మార్చారు. 1967 జూన్‌లో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. రెండేళ్లకు, 1969 ఉత్సవం మొదటి రాత్రే, అది కాలిపోయింది. ఉత్సవం మాత్రం ఆగలేదు. మోజార్ట్ ఒపెరాను బ్లైత్‌బరో చర్చికి తరలించారు. మరుసటి ఏడాది ఉత్సవానికి హాలు మళ్లీ లేచింది.

ఈ కథ వింటే మేడ్చల్ గోదాములు గుర్తుకొస్తాయి. కాస్త ఆగాలి. స్నేప్‌కు మందపాటి ఇటుక గోడలున్నాయి, మన గోదాములకున్నవి రేకులు. వాన పడితే రేకుల కింద పక్కమనిషి మాట వినపడదు, ఇక సెల్లో ఎంత? వాడుకలో లేని కట్టడాన్ని వెతకమనే పాఠం మనకు పనికొస్తుంది, ఏ కట్టడమనేది మాత్రం మనమే తేల్చుకోవాలి.

మనకు అస్సలు లేనిది ఇంకొకటుంది: బ్రిట్టెన్. శామీర్‌పేటలో అలాంటి స్వరకర్త కాపురం లేడు, షరతు పెట్టి రోస్త్రోపోవిచ్‌ను రప్పించేవాడూ లేడు. ఆల్డ్‌బరోకు రేడియో, రికార్డు కంపెనీల అండ దొరికింది కూడా ఆయన వల్లే. ఇది చిన్న తేడా కాదు. దాన్ని దాటవేసి ఉత్సవాలు ప్రకటించేవాళ్లను నేను నమ్మను.

కానీ బ్రిట్టెన్ చేసిన ఒక పని ఎవరైనా చెయ్యగలరు. 1958లో బైబిల్లోని నోవా నావ కథను ఒపెరాగా మలచి ఆయన దగ్గర్లోని ఆర్ఫర్డ్ చర్చిలో ఆడించినప్పుడు వాయించినవాళ్లలో, పాడినవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల బడిపిల్లలే. వచ్చీరాని పిల్లలకోసం వేలు పెట్టకుండా ఖాళీ తీగల మీదే లాగే సులువైన వయొలిన్ భాగాలు రాశాడు. వాన చినుకుల చప్పుడుకు తాడుకు వేలాడదీసిన కప్పులను చెక్క గరిటెతో కొట్టించాడు. పిల్లలు వాయిస్తే అమ్మానాన్నలు వస్తారు, ఆ వచ్చినవాళ్లలో కొందరు మర్నాటి సొనాటాకు కూడా వస్తారు. ఇక్కడికి వచ్చే సెల్లో, పియానో జంటను ఒక్క సాయంత్రం వాయించి విమానమెక్కనివ్వకుండా వారంపాటు ఉంచి, మేడ్చల్ బడుల్లో రోజుకో గంట కూర్చోబెడితే బ్రిట్టెన్ లేని లోటు కొంతైనా తీరుతుంది. ఎడమచేత్తో రెండు శ్రుతులు మాత్రమే వచ్చిన కీబోర్డు పిల్లవాడికి కూడా ఆ కచేరీలో నాలుగు గీతల పని దొరకాలి.

హాలు ఎక్కడిదంటారా? డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. మన పెళ్లి ముహూర్తాలు ఉండవు. ఇతర మతాలవాళ్ల పెళ్లిళ్లు తప్పితే ఫంక్షన్ హాళ్లు చాలావరకు దుమ్ము పట్టి ఉంటాయి. బరాత్‌లు, డీజేలు తగ్గుతాయి. చలికాలం కాబట్టి ఏసీ వెయ్యక్కర్లేదు, వానలు లేవు కాబట్టి పియానో శ్రుతి నిలుస్తుంది. కాలేజీలకు సెమిస్టరు సెలవులొస్తాయి, వాటి ఆడిటోరియాలు కూడా ఖాళీయే. విదేశీ విద్వాంసులు మన దేశానికి రావడానికి ఇష్టపడేది కూడా ఈ నెలల్లోనే. అటు చెన్నైలో ఇదే మాసంలో మార్గళి కచేరీలు జోరుగా సాగుతుంటాయి. ఏడాదిలో మనకు నిశ్శబ్దం ఊరికే దొరికే నెల ఇది, దాన్నే మనం వాడుకోవడం లేదు.

శామీర్‌పేట, మేడ్చల్ హాళ్ల యజమానులకు, క్యాంపస్‌ల పెద్దలకు నేను అడిగేది వెయ్యి కుర్చీలు కాదు. మీ హాళ్లలో అన్నిటికన్నా చిన్నది, గాజు తక్కువగా ఉన్నది, రోడ్డుకు దూరంగా ఉన్నది ఒకటి చూడండి. ప్రతి ఏటా అదే వారం దానికి కేటాయించండి. క్యాంపస్‌లలో ఎవరైనా ఒక్క మంచి పియానో కొని, ట్యూనరుకు ఏడాది జీతం మాట్లాడుకోండి. మొదటి ఏడు అరవై మంది వస్తే నిరాశపడి మానెయ్యకండి. జనరేటరు మాత్రం దయచేసి ప్రహరీ అవతల పెట్టించండి.