పండు రోగికి మాత్రమేనా?

సూర్యాపేట నుండి జనగామకు పోవు మార్గమున తిరుమలగిరి యున్నది. 2016 వరకు ఇది నల్లగొండ జిల్లాలోనిది. ఆ సంవత్సరము అక్టోబరులో ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినది. చలికాలము ప్రవేశించినంతనే ఇచ్చటి వ్యవసాయ మార్కెటు వడ్ల రాసులతో నిండును. పత్తిచేలలో కూలీలకు తీరిక యుండదు. మంచు ఇంకను విడువకముందే తల్లిదండ్రులు పనులకు బయలుదేరుదురు. ఇంటికడ అవ్వయు, పిల్లలును మిగులుదురు. బడికి పోవలసిన పిల్లవాడు పెరటిలోని జామచెట్టు వైపు చేయి చాపగానే, "వద్దు బిడ్డా, సర్ది అయితది" అని అవ్వ వారించును.

ఆ మాటలో ప్రేమ కలదు, సందేహము లేదు. కాని అదే పిల్లవాడు జ్వరపడి ఆసుపత్రిలో చేరినచో, చూడవచ్చు చుట్టములు వట్టి చేతులతో రారు. ఒకరు డజను బత్తాయిలు తెత్తురు. మరియొకరు దూరప్రాంతపు ఆపిలుపండ్లు తెత్తురు. ఆరోగ్యముతో నున్ననాడు కూడదన్న పండు, మంచము పట్టిననాడు సంచులకొలది వచ్చును! ఈ ఆచారము తలక్రిందులుగా నున్నది. పండు ఆరోగ్యవంతునకు నిత్యాహారము కావలెను. రోగికి ముందుగా వలసినది వైద్యుడు.

చలివలన జలుబు పుట్టునను నమ్మకము తెలుగు పల్లెలకే పరిమితము కాదు. జలుబును గూర్చి పరిశోధించుటకు 1946లో ఇంగ్లండులోని సాలిస్బరీ పట్టణ సమీపమున ఒక కేంద్రము వెలసినది. అచ్చటికి స్వయముగా వచ్చిన యువకులలో కొందరిచే వేడినీట స్నానము చేయించి, తడిబట్టలతోనే గాలి వీచు నడవలో అరగంట నిలువబెట్టిరి. తడి మేజోళ్లు తొడిగించిరి. వారు చలికి వణకిరి. కాని ఆ చలి ఒక్కదానివలన వారికి జలుబు చేయలేదు. జలుబునకు మూలము వైరసు. రోగి తుమ్మినపుడును, దగ్గినపుడును వెలువడు తుంపరలతోను, చీమిడి అంటిన చేతులతోను అది ఇతరులకు సోకును. చలికి వెరచి తలుపులన్నియు మూసికొని ఒకే గదిలో అందరును పరుండునపుడు అది మరింత సులభముగా వ్యాపించును. కావున నేరము జామపండుది కాదు. కడుగని చేతిది, గాలి చొరని గదిది.

అవ్వ హెచ్చరికలో గ్రహింపదగినది లేకపోలేదు. దుమ్ము పడిన పండును కడుగక తినినను, కోసి ఈగలపాలు చేసిన ముక్కలను తినినను విరేచనములు పట్టుకొనవచ్చును. అయితే దానికి విరుగుడు పండును కడుగుటయే గాని మానుట కాదు.

ఈ ఋతువున పండ్లకు కొదువ లేదు. చలి మొదలగునాటికి గుట్టలపై సీతాఫలములు పక్వమగును. మహబూబ్‌నగరు జిల్లాలోని బాలానగరు పేరిట ఒక సీతాఫల రకమే ప్రసిద్ధి కెక్కినది. కార్తికమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు జరుగును. సంక్రాంతికి రేగుపండ్లు వచ్చును. జామయు, బొప్పాయియు ఎన్నో పెరళ్లలో కాచును. బత్తాయి తోటలకు నల్లగొండ సీమ పెట్టినది పేరు. అయినను ఈ పండ్లకు లభించు గౌరవ మెట్టిది? భోగినాడు కొన్ని ఇండ్లలో పసిపిల్లల తలలపై రేగుపండ్లు పోసి దీవింతురు. ముంగిట ముగ్గులలో గొబ్బెమ్మల ప్రక్కన రేగుపండ్లు ఉంచుదురు. దీవెనకును, ముగ్గునకును తగిన పండు బడిపిల్లవాని నోటికి తగదా?

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అను సామెత ఇచ్చట చక్కగా వర్తించును. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థ ప్రకటించిన ఆహార పట్టికలను పరిశీలించినచో, 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు మించిన సి విటమిను కలదు. ఉసిరికాయలో అంతకన్న అధికము. డబ్బు పెట్టి కొనితెచ్చు ఆపిలులో 5 మిల్లీగ్రాములైనను లేదు! పెద్దవారికి దినమునకు వలసిన సి విటమిను సామాన్యముగా 80 మిల్లీగ్రాములకు మించదు. ఒక్క జామపండు ఆ కొరత తీర్చగలదు. ఆపిలు చెడ్డదని కాదు; జామను చులకన చేయుట తగదని భావము.

ఇంతమాత్రమున పండును సర్వరోగ నివారిణిగా భావింపరాదు. సి విటమిను జలుబును రాకుండ ఆపునని చెప్పుటకు తగిన ఆధారము లేదు. దానిని నిత్యము తీసికొనువారికి జలుబు ఒకింత త్వరగా తగ్గునని మాత్రమే పరిశోధనలు తెలుపుచున్నవి. పండు చేయు మేలు వేరు. అది చిగుళ్లను కాపాడును. గాయములను మాన్పుటకు తోడ్పడును. పప్పులలోను, ఆకుకూరలలోను ఉన్న ఇనుము ఒంటబట్టుటకు సాయపడును. రక్తహీనతతో బాధపడు బాలికలకు ఈ సాయము చిన్నది కాదు. ఈ మేలు ఒక్కనాటితో కలుగదు. దినమునకు సుమారు 100 గ్రాముల పండ్లు తినుట అలవాటు కావలెను.

ఇక రోగము వచ్చినపుడు ఏమి చేయవలెను? తల్లిదండ్రులు మార్కెటులో వడ్లకు కావలి యున్న రాత్రి, తమ్ముని కనిపెట్టుకొని యుండునది ఎనిమిదవ తరగతి చదువు అక్కయే కావచ్చును. ఆమె ఒక సంగతి ఎరిగి యుండవలెను. సామాన్యమైన జలుబు కొలది దినములలో తానే తగ్గును. న్యుమోనియా అట్టిది కాదు. అది ఊపిరితిత్తులను పట్టి ప్రాణము తీయగలదు. దగ్గుచున్న బిడ్డ ఏడువక నిమ్మళముగా నున్నపుడు గడియారము చూచుచు నిండు నిమిషము శ్వాసలను లెక్కింపవలెను. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న బిడ్డకు 50 గాని, అంతకు మించి గాని. ఏడాది మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు 40 గాని, అంతకు మించి గాని ఉన్నచో అది అపాయసూచన. గాలి పీల్చునపుడు డొక్కలు లోనికి పోవుచున్నను, బిడ్డ పాలు నీరు త్రాగలేకున్నను తెల్లవారువరకు వేచియుండరాదు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి తరలింపవలెను. రెండు నెలలు నిండని శిశువు ఏమాత్రము నలతగా నున్నను జాగు చేయరాదు. ఆ గడియలో ఉసిరి రసమును, కషాయమును నమ్ముకొని కూర్చుండుట, పండు తిననీయకుండుటకన్న పెద్ద పొరపాటు.

పేదవారికి పండ్లు ఎక్కడివని కొందరు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తోట వేసిన రైతు సైతము కాయలన్నియు పట్టణమునకు పంపి, ఇంటికి ఒక్కటియు మిగుల్చుకొనని సందర్భములు కలవు. కాని జామకు పెద్ద తోట అక్కరలేదు. చేతులు కడుగు నీరు పారుచోట నాటినను అది పెరుగును. పెరడు లేనివారికి పాఠశాల ఆవరణ కలదు. ఒక్కొక్క తరగతి రెండు జామమొక్కలు నాటి పెంచినచో, కొన్నేండ్లలో ఆ బడిలో పండు ఎరుగని పిల్లవాడు ఉండడు.

అవ్వలకు పిల్లలపై నున్న ప్రేమ అట్లే యుండవలెను. మారవలసినది మాట మాత్రమే. "వద్దు బిడ్డా" అనుటకు మారుగా "కడుక్కొని తిను బిడ్డా" అన్న చాలును. చదువుకొన్న పిల్లలు ఈ సంగతిని అవ్వలకు వినయముతో తెలియజెప్పుదురు గాక!